ఉడకబెట్టిన గొంగడి

మా కాలేజీ గుమ్మం దాటగానే ఎదురుగా గాజుపెట్టెలో ఒక రాట్నం కనిపిస్తుంది. దానికి కదురు లేదు. కదురు లేని రాట్నమంటే చక్రం బిగించిన పీట, అంతే. పాత సామాన్ల వ్యాపారి ఒకడు దాన్ని మా ఛైర్మన్‌గారికి అంటగట్టాడు. వార్షికోత్సవం నాడు దానికి బంతిపూల దండ వేసి, దీపం పెట్టి, వచ్చిన అతిథి చేత దణ్ణం పెట్టిస్తారు. చేరిన కొత్తలో నేను వెళ్ళి, "సార్, దీనికి కదురు లేదు" అని చెప్పాను.

"పర్లేదులెండి మేడంగారూ, తిప్పేదెవరు గనక?" అన్నారాయన.

సంప్రదాయ వస్త్రకళల గురించి మా కాలేజీలో అంతకంటే నిజాయితీ ఉన్న మాట నేను మళ్ళీ వినలేదు.

ఛైర్మన్‌గారిది పోతనాళ దగ్గర కాలువ కింద వరి వేసుకుని స్థిరపడిన కోస్తా కుటుంబం. వరి తర్వాత రైసు మిల్లు, మిల్లు తర్వాత రాయచూరులో ఫ్యాషన్ డిజైన్ కాలేజీ. నర్సింగు పెడితే ఆసుపత్రి కావాలి, ఇంజనీరింగు పెడితే యంత్రాలు కావాలి, ఫ్యాషన్‌కైతే నిలువుటద్దాలు చాలునని ఎవరో చెప్పారట. బ్యాంకు పైన మూడో అంతస్తు అద్దెకు తీసుకుని అద్దాలు బిగించారు. మిగతాదంతా ఉపాధ్యాయులు చూసుకోవాలి. ఆ ఉపాధ్యాయుల్లో నేనొకదాన్ని.

నా అర్హత గురించి కూడా చెప్పుకోవాలి, ఎదుటివాళ్ళను మాత్రమే తిడితే బాగుండదు. నేను బజారులో బట్టల కొట్టు ఇంట్లో పుట్టాను. హైదరాబాదులో రెండేళ్ళు డిప్లొమా చేసి, వచ్చి మళ్ళీ అదే కొట్టులో నాన్న పక్కన కూర్చున్నాను. ఒకరోజు ఈ ఛైర్మన్‌గారు వేదికకు తెర గుడ్డ కావాలని వచ్చారు. ఆయనకు కావలసింది ముతక కాటన్. నేను ఆయనకు ఎర్ర మఖ్మల్ అమ్మాను, అదీ పైన కుచ్చులతో. బిల్లు చేతిలో పట్టుకుని ఆయన చాలాసేపు నన్నే చూసి, "ఇంత బాగా మాట్లాడతారే, కొట్లో ఎందుకండీ, పిల్లలకు పాఠాలు చెప్పకూడదూ?" అన్నారు. పొగడ్త అనుకుని పొంగిపోయాను. అక్కర్లేని మఖ్మల్ అంటగట్టడం, పాఠం చెప్పడం ఆయన లెక్కలో ఒకటేనని తర్వాత తెలిసింది. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళు నా లెక్కలోనూ ఒకటే.

మా దగ్గర "గ్రామీణ కళల స్ఫూర్తి" అని ఒక పేపరు ఉంది. అందులో పిల్లలు చేసేదేమిటంటే, ఫోనులో ఒక చేనేత బట్ట ఫొటో వెతికి, దాన్ని పాలిస్టరు మీద అచ్చు వేయించి, గౌను కుట్టి, "అంతరించిపోతున్న కళకు నా నివాళి" అని కింద రాయడం. బతికి ఉన్న మనిషికి నివాళి ఎవరు రాస్తారు? మేము రాస్తాం, దానికి మార్కులు కూడా వేస్తాం. అప్పుడప్పుడు బయటినుంచి ఉపన్యాసకులు వస్తారు. వాళ్ళందరి బట్టలూ ఇస్త్రీ లేకుండా నలిగి ఉంటాయి, అది నిరాడంబరత. వాళ్ళు "సంరక్షణ" అనే మాట ఊరగాయలా ప్రతి ముద్దలోనూ నంజుకుంటారు. నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. ఒకసారైతే వందన సమర్పణ కూడా చేశాను.

ఒక ఏడాది ఒక అబ్బాయి గొంగడి ఫొటోను శాటిన్ మీద అచ్చు వేయించి తెచ్చాడు. గొర్రె ఉన్ని బొమ్మ, జారిపోయే శాటిన్ మీద. నేను "భేష్" అనబోతుండగా వెనక బెంచీనుంచి కల్లూరు అనే ఊరి పిల్ల ఒకతి లేచింది. రైతుల ఇంటి పిల్ల, నోరు కొంచెం పదును.

"మేడం, బొమ్మ ఎందుకు? మా ఇంట్ల నిజమైనదే ఉన్నది. తేవాల్నా?"

మర్నాడు తెచ్చింది. నల్లటి గొంగడి. తరగతి గదంతా గొర్రెల దొడ్డి వాసన నిండింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఆ పిల్ల ఎవరినీ పట్టించుకోకుండా దాన్ని నిలువుగా మడిచి, ఒక మూల లోపలికి తోసి, తలమీద వేసుకుంది. క్షణంలో అది తలనుంచి మోకాళ్ళ దాకా టోపీ ఉన్న కోటు అయింది.

"దీన్ని కొప్పెర అంటరు మేడం. మా నాయన వానల గిట్లనే పోతడు. రాత్రికి విప్పి పండుకుంటడు."

కత్తెర లేదు. సూది లేదు. గుండీ లేదు. వానకు కోటు, రాత్రికి పరుపు. నేను రెండేళ్ళుగా బల్లమీద కాగితాలు పరిచి, భుజం కొలత, చంక కొలత అని గీతలు గీయిస్తూ నేర్పుతున్న విద్యంతా ఆ పిల్ల తలమీద నిలబడి నన్ను చూసి నవ్వినట్టయింది. మగ్గం వెడల్పునుంచే ఉడుపు పుట్టాలని, గుడ్డ కోయడం చివరి మాట కావాలే గానీ మొదటి మాట కాకూడదని నాకు ఏ డిప్లొమాలోనూ చెప్పలేదు. పిల్లలను ఒక టర్మ్ పాటు మగ్గం ముందు కూర్చోబెడితే తప్ప ఈ మాట బుర్రకెక్కదనిపించింది. వెళ్ళి ఛైర్మన్‌గారిని అడిగాను.

"టర్మంతా మగ్గమా? ఫీజు కట్టిన తల్లిదండ్రులేమంటారండీ?" అన్నారు. తర్వాత వార్షికోత్సవం గుర్తొచ్చింది. "సరే, ఒక పని చేయండి. బెంగుళూరునుంచి పేరున్న డిజైనరమ్మ జడ్జిగా వస్తోంది. ఆవిడకు మీ గొంగళ్ళు నచ్చితే టర్మ్ ఇస్తాను. నచ్చకపోతే శాటినే."

కల్లూరులో నేసేవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఆ పిల్ల తండ్రి గొంగడి కొన్నది దేవదుర్గం తాలూకా అరకేరలో ఒక ముసలాయన దగ్గర. ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని బస్సెక్కాను. దారిలో వాళ్ళకొక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "కళాకారుని దగ్గరికి పోతున్నం. మర్యాదగ ఉండాలె. ఆయన పనిని గౌరవించాలె." ఎంత గంభీరంగా చెప్పానంటే, ముందు సీటు కండక్టరు కూడా తిరిగి చూశాడు.

మా వైపు తాతను అజ్జ అంటారు, ఆయననూ అందరం అలాగే పిలిచాం. ఇంట్లో కన్నడం, సంతలు తిరిగి నేర్చిన తెలుగు. వాకిట్లో ఎర్రటి మొరం మట్టి కుప్ప, దాని మీద రెండు కోళ్ళు. లోపల గదిలో నేలలో తవ్విన గుంత, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసే మగ్గం. పక్క గోడకు చింతగింజల అంబలి పట్టించి ఆరబెట్టిన నల్లటి పడుగు. అజ్జ గుంతలోంచి లేవకుండానే మమ్మల్ని చూశాడు.

"ఫొటోలా? తీస్కోండ్రి, జల్ది. దినాం ఎవరో ఒకరు వస్తరు. నన్ను పట్టుకొని ఒకటి, మగ్గాన్ని పట్టుకొని ఒకటి. మొన్న ఒకామె చెప్పులతోని గుంతల దిగింది, ఫొటో కోసం."

"ఫొటోలకు రాలే అజ్జా. గొంగళ్ళు కావాలె" అన్నాను.

ఆయన ఒకటి తీసి నా చేతికిచ్చాడు. అంతే, బస్సులో ఇచ్చిన ఉపన్యాసం బస్సులోనే ఉండిపోయింది. మా ఇళ్ళలో పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చే విద్య ఒకటుంది: కొనబోయే సరుకును ముందు తిట్టాలి. నా చెయ్యి దానంతటదే అంచు పట్టుకుని లాగింది, నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏంది అజ్జా, గింత గుచ్చుతున్నది? అంచు జూడు, వంకర. ఈడ పోగు లావు, ఆడ సన్నం. వాసన గూడ కొడుతున్నది. పట్నంల దీన్ని ఎవరు కప్పుకుంటరు?"

"నీకు గుచ్చుతున్నదా?"

"గుచ్చుతున్నది."

"గొర్రెకు ఎన్నడు గుచ్చలే. నీ తోలు నాజూకైతే నేనేం జెయ్యాలె?" అని, గొంగడి నా చేతిలోంచి లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. "ఏ కొట్టు మీది?"

చెప్పాను.

"అనుకున్న. శెట్టమ్మవు."

వెనక్కి తిరిగి చూస్తే కల్లూరు పిల్ల శ్రద్ధగా నోట్సు రాసుకుంటోంది. తర్వాత చూశాను. "ఒకటి: సరుకును ముందు తిట్టవలెను" అని ఉంది. నేను ఆ కాలేజీలో చెప్పిన పాఠాల్లో ఒక విద్యార్థి పూర్తిగా గ్రహించినది అదొక్కటే కావచ్చు.

కూర్చున్న సరుకు మీద బేరం చేయడం ఎలాగో మా నాన్న నాకు నేర్పలేదు. ఆయన చెప్పిన ధరకే నాలుగు గొంగళ్ళు తీసుకున్నాను. లేవబోతూ, వాకిట్లో మొరం ఎందుకని అడిగాను.

"నా కొడుకు తోలిచ్చిండు. ఈ గుంత పూడ్చి పైన బండలు పరుస్తడంట. పత్తి పెట్టనీకె జాగ లేదు. వానలకు ముందే పూడ్చాలె అంటున్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? నేర్చుకునేటోడు లేడు. నేను పోయినంక ఈ గుంతల కోళ్ళు గుడ్లు పెడతయ్. దానికంటే పత్తి నయం." మగ్గం మీద చెయ్యి వేసి, "ఎవరన్న కూసుని నేర్చుకుంటనంటే మాత్రం పూడ్చనియ్య. పత్తి బయట పెట్టుకోమంట."

"మా పిల్లలొస్తరు అజ్జా. ఒక టర్మంత. ఆరు నెలలు."

"మాటనా?"

"మాటే."

మా బజారులో మాట ఇవ్వడమంటే బేరం మొదలుపెట్టడం. అజ్జకు అది బేరం ముగియడం. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను, చేతిలో టర్మ్ లేకుండానే.

గొంగళ్ళు కాలేజీకి వచ్చాయి. ఛైర్మన్‌గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏవండీ, మేకల సంతలా ఉందండీ. ఆ వాసన పోగొట్టి గానీ స్టేజీ ఎక్కించకండి" అన్నారు.

ఇక్కడ మా నాన్న సూత్రం ఒకటి చెప్పాలి. కొత్త మిల్లు బట్ట కొట్టుకు వస్తే, ఆయన దాంట్లో జానెడు ముక్క నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, మళ్ళీ కొలిచేవాడు. ముడుచుకుంటే ఆ మాట ముందే చెప్పి అమ్మేవాడు. "తడపని బట్టకు మాట ఇయ్యకు" అనేవాడు. నేను పుట్టినప్పటినుంచి విన్న వేదం అది. కుట్టేముందు బట్ట తడపాలి. వాసన పోవాలి. రెండు పనులూ ఒక్క దెబ్బకు అవుతాయి. క్యాంటీనువాళ్ళ పెద్ద డేగిశాలో నీళ్ళు మరిగించి, గుప్పెళ్ళకొద్దీ సబ్బుపొడి వేసి, మిద్దె మీద ఎండలో పెట్టించాను. అసలే రాయచూరు ఎండ, కొళాయి తిప్పితేనే చెయ్యి కాలుతుంది. మూడు గొంగళ్ళు పట్టాయి. నాలుగోదానికి చోటు లేక పక్కన పెట్టాం.

కట్టె పట్టుకుని కలుపుతున్న కల్లూరు పిల్ల ఆగింది. "మేడం, మా నాయన గొంగడిని ఎన్నడు ఉడుకు నీళ్ళల వెయ్యడు. కాలువకు తీస్కపోయి సల్లనీళ్ళల జాడిస్తడు."

"మీ నాయన బట్టల కొట్టు నడిపిండా?"

"లేదు మేడం."

"మా నాయన నడిపిండు. కలుపు."

కలిపింది. పాపం, జొన్న అంబలి కలిపినట్టు ఎంతో ఒద్దికగా కలిపింది.

ఆరిన తర్వాత చూస్తే, మనిషి కాళ్ళు దాటి కప్పే గొంగళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. వెడల్పు కూడా అంతే తరిగింది. మందం మాత్రం రెండింతలై, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలా గట్టిపడ్డాయి. పోగు లేదు, పడుగు లేదు, పేక లేదు. అజ్జ చేతి పని ఎక్కడుందో వెతికినా కనపడలేదు. కల్లూరు పిల్ల కట్టెను కడిగి గోడకు ఆనించింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

కొట్టుకు వెళ్ళి నాన్నతో చెప్పాను. ఆయన గల్లా దగ్గర కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఉన్నిని ఉడకబెట్టినవా?"

"నువ్వే చెప్పినవు గద నాయనా, తడపని బట్టకు మాట ఇయ్యొద్దని."

"తడపమన్న. వండమన్ననా? మన కొట్ల ఉన్ని ఎన్నడన్న అమ్మినమా? తెలువని మాల్ ముంగట నోరు మూస్కొని నిలబడాలె. గది గూడ చెప్పిన. గది నీకు యాదికి లేదు."

లేదు. మా వాళ్ళకు నోరు తెరిచే సూత్రాలే గుర్తుంటాయి.

వార్షికోత్సవానికి వారం రోజులే ఉంది. మళ్ళీ అరకేర వెళ్ళి అడగడానికి మొహం లేదు. ఆ గట్టి ముక్కలనే కోయమన్నాను. కత్తెర మైసూరుపాకులో దిగినట్టు దిగింది. పోగు ఊడలేదు, అంచు కుట్టే పని కూడా లేదు. పిల్లలు సంతోషంతో కేకలు వేసి చేతుల్లేని కోట్లు, నడుముపట్టీలు కోసేశారు. వాళ్ళకు కావలసింది కోయడమే కదా. ఉడకని నాలుగో గొంగడి మాత్రం నేను కత్తెర తగలనివ్వకుండా దాచి, కల్లూరు పిల్లను కొప్పెర వేసుకుని వేదిక ఎక్కమన్నాను. నా పాఠమంతా ఆ ఒక్క మడతలో ఉంది.

నేను అమ్మిన మఖ్మల్ తెర లేచింది. జడ్జిగారు ముందు వరుసలో కూర్చున్నారు. బట్టలు నలిగి ఉన్నాయి, చెవులకు కొబ్బరిచిప్ప లోలకులు. కల్లూరు పిల్ల కొప్పెరలో వచ్చి, మధ్యలో ఆగి, దాన్ని విప్పి, భుజాన వేసుకుని, మళ్ళీ మడిచి తలమీద పెట్టుకుంది. జడ్జిగారు ఫోను చూసుకున్నారు. తర్వాత ఉడకబెట్టిన కోట్లు వచ్చాయి. ఆవిడ లేచి నిలబడ్డారు. వేదిక ఎక్కి కోటును చెంపకు ఆనించుకున్నారు. "దీనిలో నేల ఉంది. మౌనం ఉంది. ఈ టెక్స్చర్ ఎలా సాధించారు?" అని మైకులో అడిగారు.

చెప్పాల్సిన సమయం అది. "తప్పయింది, ఉడకబెట్టాను" అని రెండు మాటలు చాలు. నేను చేతులు జోడించి, "అంతా పిల్లల కష్టం" అన్నాను. నాకొక శాలువా కప్పారు. వేలితో అంచు నలిపి చూశాను, అలవాటు. పాలిస్టరు.

మర్నాడు ఛైర్మన్‌గారు నన్ను పిలిచి మిఠాయి పెట్టారు. "టర్మ్ మీదేనండీ. మాట అంటే మాటే."

గుంత బతికింది అనుకున్నాను.

"అయితే ఒక్క విషయం మేడంగారూ. ఆ ముసలాయనతో మనకేం పనండీ? ఉడికాక నేత కనపడనే కనపడదు కదా. ఎవరు నేస్తే ఏం? మిల్లు దుప్పట్లు లారీ తెప్పిద్దాం. ఇక్కడే మరగబెడదాం. పిల్లలకు ప్రయాణం తప్పుతుంది."

ఆయన తప్పు మాట్లాడలేదు. అదే నాకు కోపం తెప్పించింది. నా తెలివితక్కువ పనిలోంచి ఆయన తీసిన లెక్క నా లెక్కకంటే సరిగ్గా ఉంది. మీరు సంరక్షించదలిచిన కళ మీ వస్తువులో కనపడకపోతే కళాకారుడెందుకు? ఈ ప్రశ్న నలిగిన బట్టల ఉపన్యాసకులెవరూ ఏనాడూ అడగలేదు. రైసు మిల్లు ఆయన అడిగాడు.

"సార్, అది నేను కనిపెట్టింది కాదు. తెలువక ఉడకబెట్టిన. పొరపాటు."

"ఎవరికీ చెప్పకండి. పేపర్లో వచ్చేసింది."

అప్పుడు కొట్టు రక్తం మేలుకొంది. "మంచిది సార్. గని లారీ తెప్పిచ్చే ముందు ఒక్క దుప్పటి తెండి. మా నాయన చెప్తడు, తడపని బట్టకు మాట ఇయ్యొద్దని."

మళ్ళీ మిద్దె, మళ్ళీ డేగిశా, మళ్ళీ సబ్బుపొడి. ఒక మిల్లు దుప్పటి, నాలుగో గొంగడి కొసనుంచి గుండె దిటవు చేసుకుని కోసిన జానెడు ముక్క. రెండూ ఒకే నీళ్ళలో వేశాం. కల్లూరు పిల్ల కట్టె పట్టుకుని నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు కలపాల్నా మేడం?"

"కలుపు తల్లీ."

గొంగడి ముక్క అరచేతిలో పట్టేటంతై, గట్టిపడి వచ్చింది. మిల్లు దుప్పటి పెట్టినది పెట్టినట్టే వచ్చింది, పైగా మెరుస్తూ.

"ఇదీ బానే ఉందే! ఇంకా మెత్తబడింది" అన్నారు ఛైర్మన్‌గారు ఆశగా.

"మెత్తబడ్డది సార్. కోటు కాలే." కత్తెరతో దాన్ని కోసి చూపించాను. అంచు పొడుగునా పోగులు గడ్డిలా లేచాయి. "దీంట్ల గొర్రె లేదు. గొర్రె లేనిది గిట్ల గట్టిపడదు. మీ జడ్జమ్మ చెప్పిన నేల, మౌనం అన్నీ గొర్రె దగ్గరే ఉన్నయ్. చేతితో వడికి, చేతితో నేసిన గొంగడి ఈ చుట్టుపక్కల అరకేరల తప్ప నాకు ఎక్కడ కనపడలే."

ఆయన గడ్డం గోక్కున్నారు. "అయితే ఆ ముసలాయన్నే ఇక్కడికి తెప్పిద్దామండీ. గుమ్మంలో రాట్నం పక్కన కూర్చోబెడదాం. వచ్చినవాళ్ళకు బావుంటుంది."

"ఆయన మగ్గానికి గుంత తవ్వాలె సార్. ఇది మూడో అంతస్తు. తవ్వితే బ్యాంకోళ్ళ నెత్తిన పడతడు."

తర్వాత ఆయన గదిలో గంటసేపు జరిగింది నాకు తెలిసిన ఒకే ఒక్క కళ. నేను ఏడాది అడిగాను, ఆయన వారం అన్నారు. నేను లేచి తలుపు దాకా వెళ్ళాను, ఆయన వెనక్కి పిలిచారు. చివరికి ఒక టర్మ్, వారానికి మూడు రోజులు అరకేరలో, వచ్చే వార్షికోత్సవానికి మళ్ళీ ఆ "టెక్స్చర్" అని తెగింది. అజ్జకు నేను ముందే అమ్మేసిన సరుకును ఆ రోజు కొన్నానన్నమాట.

అరకేర బస్సెక్కేసరికి మబ్బులు పట్టాయి. మాట ఇచ్చి మూడు నెలలు దాటింది. ఒక కోటు సంచిలో పెట్టుకుని, కల్లూరు పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. వాకిట్లోకి అడుగు పెట్టగానే ముందు మొరం వైపే చూశాను. మొరం కుప్ప సగమే ఉంది.

"అజ్జా, గుంత?"

అజ్జ అరుగు మీద కూర్చుని ఉన్ని చిక్కు తీస్తున్నాడు. "సగం వాకిట్ల పరిచినం, వానలకు బురద అయితదని. తతిమ్మా సగం నీ మాట మీద ఆగింది. నా కొడుకు రోజు అడుగుతున్నడు, ఎప్పుడొస్తది నీ శెట్టమ్మ అని."

లోపల గుంత అలాగే ఉంది. పైన చెక్క వేసి, దాని మీద ఒక పత్తి బస్తా పెట్టారు. ఒక్కటే.

సంచిలోంచి కోటు తీసి ఇచ్చాను. ఆయన వాసన చూశాడు. వెనక్కి తిప్పాడు. వెలుతురుకు పెట్టి తన పోగు కోసం వెతికాడు.

"ఇది నాదేనా?"

"నీదే అజ్జా. ఉడుకు నీళ్ళల వేసిన. తెలువక."

ఆయన తిట్టలేదు. "గొర్రె మీద ఉన్నప్పుడు గూడ గింత గట్టిగ లేకుండె" అన్నాడు. కోటు నా చేతిలో పెట్టి, "పోగు ఒక్కటి కనపడలే. గిట్లయితే నేనెందుకు, నా మగ్గమెందుకు?"

మిఠాయి పెడుతూ ఛైర్మన్‌గారు అన్నదీ అదే. ఆయన నోట్లో అది లెక్క. ఈయన నోట్లో అది నాకు చెంపదెబ్బ. సంగతంతా దాచకుండా చెప్పాను: జడ్జమ్మ మెచ్చుకుందని, ఉడకబెట్టిన గుడ్డ ఇస్తేనే టర్మ్ సాగుతుందని.

అజ్జ చాలాసేపు ఉన్ని చిక్కు తీస్తూనే ఉన్నాడు. తర్వాత బేరం ఆయన మొదలుపెట్టాడు.

"నేను నేసింది నీ డేగిశాలకు ఇయ్య. ఒక్కటి గూడ ఇయ్య. మీ పిల్లలు నేసింది ఉడకబెట్టుకోండ్రి. కొత్తోళ్ళు నేసేది ఎట్లైన గొర్రె గూడ సూడదు. ఉడికితే తప్పులు కనపడవు. వాళ్ళకు మంచిదే, గుడ్డకు మంచిదే."

నేనూ ఛైర్మన్‌గారూ ఇద్దరం కలిసి కట్టిన చిక్కుముడిని ఈయన ఉన్ని చిక్కులాగే విప్పి నా ఒళ్ళో పడేశాడు. కోటు కావాలంటే పిల్లలే నేయాలి. నేయాలంటే గుంతలో దిగాలి. నా రెండేళ్ళ పాఠ్యప్రణాళికలో లేనిది ఆ రెండు ముక్కల్లో ఉంది.

"ఖాయం అజ్జా. వచ్చే సోమవారం పిల్లలను తోలుకొస్త."

"పిల్లలు తర్వాత. ముందు నువ్వు దిగు."

"నేనా? నేను నేర్పేదాన్ని."

"అందుకే."

కల్లూరు పిల్ల అప్పటికే పత్తి బస్తా పక్కకు దొర్లిస్తోంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దిగాను. నేల చల్లగా ఉంది. కాళ్ళకింద తొక్కుడు కర్రలు ఏది ఎప్పుడు తొక్కాలో తెలియక రెండూ ఒకేసారి తొక్కాను. పేక పోగు వదులైతే బిగించాను, బిగిస్తే తెగింది. ముడి వేశాను. మళ్ళీ తెగింది. దిగినప్పటినుంచి పొద్దు తిరిగేదాకా నాలుగు వేళ్ళ పొడవు గుడ్డ నేశాను. నడుము విరిగింది. నా డిప్లొమా హైదరాబాదులోనే ఉండి ఉంటే బాగుండుననిపించింది.

అజ్జ వచ్చి వంగి చూశాడు. అంచు పట్టుకుని లాగాడు.

"ఏంది శెట్టమ్మా, గింత గుచ్చుతున్నది? అంచు జూడు, వంకర. ఈడ పోగు లావు, ఆడ సన్నం. పట్నంల దీన్ని ఎవరు కప్పుకుంటరు?"

"బేరం జేస్తున్నవా అజ్జా?"

"బేరమా? కొనేటోడు గద బేరం జేసేది. నేను కొన. విప్పు."

కల్లూరు పిల్ల నోట్సు తీసింది. నేను పోగు పోగునా విప్పాను. నేయడానికి పట్టినంత సేపూ పట్టింది.

వానలు పడ్డాయి. మిగిలిన సగం మొరం తడిసి, గట్టిపడి, వాకిట్లో చిన్న దిమ్మెలా నిలిచింది. వారానికి మూడు రోజులు మా పిల్లలు వచ్చి చెప్పులు దాని మీదే విడుస్తారు. ఒకసారి ఛైర్మన్‌గారు ఫొటో కోసమని కారులో వచ్చారు. బూట్లతో లోపలికి అడుగు పెట్టబోతుంటే అజ్జ గుంతలోంచే చెయ్యెత్తి ఆ దిమ్మె చూపించాడు. రైసు మిల్లు ఆయన ఒంగి లేసులు విప్పుకున్నారు.

నేను మాత్రం ఆయన కారు తలుపు దగ్గర నిలబడి, రెండో టర్మ్ గురించి మాట మొదలుపెట్టాను. ముందుగా మొదటి టర్మ్‌ను తిట్టాను.